అనసూర్య బెల్లం ముట్టదు

అనసూర్యది, మాది ఒకే గోడ. గోదావరిఖనిలో కంపెనీ క్వార్టర్లు వరసగా ఉంటాయి కదా, ఆ వరసలో చివరిది మాది, దానికి ముందుది వాళ్లది. పెళ్లయి నేను బందరు వైపు నుంచి ఇక్కడికి వచ్చిన మొదటి వారంలోనే ఆవిడ గోడ మీదుగా తొంగి చూసి, "ఏం కూర వండినవు?" అని అడిగింది. ముక్కూ మొహం తెలియని మనిషి నన్ను 'నువ్వు' అన్నందుకు నాకు చురుక్కుమంది. నెల తిరగకుండానే ఆ పిలుపు వినపడకపోతే తోచని స్థితికి వచ్చాను. నా పేరు లలితాంబ అని ఈ కాలనీలో ఎవరికీ తెలియదు. హైస్కూల్లో తెలుగు చెబుతాను కాబట్టి అందరికీ టీచరమ్మనే. మాటకు మాట అప్పజెప్పే నోరు నాది. ఆ నోటి గురించి కూడా ఇందులో చెప్పుకోవలసి వస్తుంది, అది తర్వాత.

అనసూర్య కాలనీ మలుపులో మిర్చీ బండి నడిపేది. మిర్చీలు ఎవరైనా వేస్తారు. జనం వచ్చేది ఆమె ఇంట్లో చేసే చట్నీ కోసం. మధ్యాహ్నం రెండు దాటితే చాలు, గోడ అవతల పని మొదలయ్యేది. నానిన చింతపండు పిసికి, ఈనెలూ గింజలూ తీసేసి, గుజ్జును పలచటి బట్టలో వడకట్టేది. బొగ్గు పొయ్యి మీద పెద్ద సత్తు గిన్నె. గుజ్జు కుతకుత ఉడుకుతుండగా కామారెడ్డి బెల్లం చిదిమి వేసేది. వేయించిన ఎండు మిరపకాయలు, జీలకర్ర రోట్లో దంచి కలిపేది. ఇంత శొంఠి, ఇంత నల్ల ఉప్పు. గరిటె వెనక జారకుండా నిలిచేదాకా కలుపుతూనే ఉండాలి. ఇదంతా గోడ మీదుగా చూసి నేనూ మూడుసార్లు చేశాను. మూడుసార్లూ మా ఆయన మర్యాదగా తిన్నారు.

ఆమెకు కొలతలు లేవు. ఒక కిలో చింతపండుకు ఉన్న పులుపు ఇంకో కిలోకి ఉండదు, ఈ దిమ్మ బెల్లం తీపి ఆ దిమ్మకు రాదు. అరచేతిలో చుక్క వేసుకుని నాకి, ఒక్క క్షణం కళ్లు మూసుకుని, "ఇంకింత" అని తనకు తనే చెప్పుకునేది. బెల్లం ఒక ముక్క గిన్నెలోకి, ఒక ముక్క నోట్లోకి. అంత తీపి పిచ్చి ఉన్న మనిషిని నేను చూడలేదు. చాయ్‌లో మూడు చెంచాల చక్కెర, ఆపైన చెంచా నాకడం.

ఆమె భర్త రఘుపతి గనిలో టింబర్‌మన్. బొగ్గు తవ్విన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. మనిషి నెమ్మది. ఫస్టు షిఫ్టు దిగి వచ్చాక బండి దగ్గరే నిలబడి మొదటి మిర్చీని చట్నీలో ముంచేవాడు. ఒకసారి నాతో అన్నాడు, "టీచరమ్మా, ఎనిమిది గంటలు దుమ్ము మింగినంక నోరు నోరు లెక్క ఉండది. అండ్ల ఇంత పులుపు వడాలె, తీపి వడాలె, కారం వడాలె. గప్పుడు మీదికచ్చిన అని తెలుస్తది." ఆ మాట నేను అప్పుడు నవ్వుతూ విన్నాను.

రెండువేల ఏడు, ఆగస్టు. పైకప్పు నుంచి బండ జారింది. తల మీది టోపీ పగిలింది, తల పగల్లేదు. అంతే అదృష్టం. నాలుగు రోజులు కళ్లు తెరవలేదు. దవాఖాన వరండాలో నేనూ, అనసూర్యా, ఆమె అత్త లస్మవ్వా కూర్చుని ఉన్నాం. మూడో రోజు పొద్దున డాక్టరు ఏమీ చెప్పకుండా మా ముందు నుంచి వెళ్లిపోయాడు. అనసూర్య లేచి నిలబడింది. మేడారం ఎటువైపు ఉందని లస్మవ్వను అడిగింది. అటు తిరిగి దండం పెట్టింది.

"తల్లీ సమ్మక్కా, సారక్కా! ఆయనను మునుపటి లెక్క నాకియ్యిండ్రి. మీకు నిలువెత్తు బంగారం తెస్త. ఆయన మునుపటి లెక్క అయ్యేదాక నా నాలిక మీద తీపి పెట్టుకోను."

మేడారం తల్లులకు బెల్లమే బంగారం. మనిషిని తూచి, అంత బరువు బెల్లం తీసుకుపోయి గద్దెల దగ్గర అప్పజెప్పడం ఇక్కడ అందరికీ తెలిసిన మొక్కే. దాని మీద ఈ రెండో మాట ఆమె సొంతంగా కలిపింది. తనకు అన్నిటికంటే ఇష్టమైనది ఏదో వెతికి, దాన్నే తాకట్టు పెట్టింది. ఆ మాటలు నా చెవులతో విన్నాను. తర్వాత ఎన్నోసార్లు, ఆ రోజు నేను స్కూలుకు వెళ్లి ఉంటే బాగుండేదని అనుకున్నాను.

మర్నాడు రఘుపతి కళ్లు తెరిచాడు. దసరాకు ఇంటికొచ్చాడు. లోపలి పని వద్దని పైన డ్యూటీ ఇచ్చారు, గనిలోకి దిగేవాళ్లకు దీపాలిచ్చే లాంప్ రూంలో. నడుస్తున్నాడు, నవ్వుతున్నాడు, పేర్లన్నీ గుర్తున్నాయి. అందరం పండగ చేసుకున్నాం. అనసూర్య ఆ పండగలో కూడా చక్కెర లేని చాయ్ తాగింది. మాఘంలో మేడారం జాతర ఉంది, బంగారం అప్పజెప్పేదాకా ఆగితే చాలని అంది. ఒక్కో గుక్కకు మొహం చిట్లించేది. రఘుపతి అటు చూడకుండా తల తిప్పుకునేవాడు.

డిసెంబరులో బండి మళ్లీ పెట్టారు. చట్నీ ఎలా? బెల్లం పడిన గిన్నెలోది ఆమె నాలుక మీద పెట్టుకోకూడదు. దానికేముంది, రఘుపతి ఉన్నాడు కదా! ఇరవై ఏళ్లు ఆ చట్నీ తిన్న నోరు. గరిటెతో అతని అరచేతిలో చుక్క వేసేది. అతను నాకి, కాసేపు ఆలోచించినట్టు ఆగి, "బరాబర్ ఉన్నది" అనేవాడు. గిన్నె బండి మీదికి వెళ్లేది.

పదిహేను రోజులు తిరగకుండా బండి చుట్టూ జనం పలచబడ్డారు. రఘుపతితో కలిసి పనిచేసిన సదయ్య ఒక సాయంత్రం ఉండబట్టలేక అనేశాడు.

"వదినా, నువ్వేం అనుకోవద్దు. చట్నీ ఏందో తేడా కొడ్తున్నది. నిన్న ఉత్త పులుపు, ఇయ్యాల ఉత్త పానకం."

"మీ అన్న సూసినంకనే తెచ్చిన," అంది అనసూర్య, మొహం ముడుచుకుని. "చలికి మీ నోర్లే మొద్దువారినయి."

నేను అక్కడే ఉన్నాను. ఇంటికి తెచ్చుకున్న చట్నీ మూడు రోజులుగా నా ఇంట్లో కూడా మిగిలిపోతోంది. ఊరుకోవచ్చు కదా! నా నోరు ఊరుకునే రకం కాదు. మర్నాడు గోడ దగ్గర ఆమెను పట్టుకున్నాను.

"అనసూర్యా, సదయ్య చెప్పింది నిజం. మీ ఆయనకు రుచి తెలియడం లేదేమో చూడు."

"తెల్వకపోతే తెల్వదని చెప్పడా? నాతోని అబద్ధమెందుకు ఆడ్తడు?"

"అయితే రేపు బెల్లం వెయ్యకుండా ఇచ్చి చూడు. తేలిపోతుంది."

ఎంత తేలిగ్గా అన్నానో! పిల్లలకు పరీక్ష పెట్టినంత తేలిగ్గా. ఆమె కోపంగా లోపలికి వెళ్లిపోయింది. కోపమైతే వచ్చింది కానీ, మాట లోపలికి దిగింది.

మర్నాడు ఆదివారం. రఘుపతికి సెలవు. గోడ ఇవతల నేను బట్టలు ఆరేస్తున్నాను. ఆరేస్తున్నానని చెప్పుకోవడమే, చూపంతా అటే. అనసూర్య గిన్నె దించింది. అందులో చింతపండు, ఉప్పు, కారం తప్ప ఏమీ లేవు. బెల్లం దిమ్మ విప్పని కాగితంలో అలాగే గట్టు మీద ఉంది. అతని అరచేతిలో చుక్క వేసింది. అతను నాకాడు. ఆగాడు.

"బరాబర్ ఉన్నది."

"బెల్లం సరిపోయిందా?"

"మంచిగ వడ్డది."

"ఇంకింత ఎయ్యాల్నా?"

"వద్దు వద్దు. ఎక్కువైతది."

నా చేతిలో తడి చీర అలాగే ఉండిపోయింది. అనసూర్య గరిటె గిన్నెలో పెట్టింది. గట్టు మీది కాగితం పొట్లం తెచ్చి అతని ముందు పెట్టి విప్పింది. దిమ్మ మీద గోటి గాటు కూడా లేదు. రఘుపతి దాన్ని చూశాడు, గిన్నెను చూశాడు, తల దించుకున్నాడు.

"ఎన్నాళ్ల సంది?" అంది ఆమె.

"దవాఖానల కండ్లు తెరిచిన్నాటి సంది. వాసన లేదు, రుచి లేదు. బువ్వ తిన్నా మన్ను తిన్నా ఒక్క తీర్గనే ఉన్నది."

"నాకెందుకు చెప్పకపోతివి?"

"ఎట్ల చెప్పాలె? నేను మునుపటి లెక్క కాలేదంటే నీ మొక్కు తీరది. నువ్వు చప్పటి చాయ తాగుతుంటె నేను సూస్త లేనా? జాతర దాక నెట్టుకస్తే నువ్వు తింటవనుకున్న."

ఆమె ఏడవలేదు. బెల్లం దిమ్మను మళ్లీ కాగితంలో చుట్టింది. ఆ రోజు బండి పెట్టలేదు. నేను లోపలికి వచ్చి మంచం మీద కూలబడ్డాను. ఆ మనిషి నాలుగు నెలలుగా భార్య కోసం కడుపులో దాచుకున్న మాటను నేను ఒక్క ఉపాయంతో బయటికి లాగేశాను. తెలివి చూపించుకోవాలనే ఉబలాటం నాది, దాని ఫలం వాళ్లది.

కరీంనగర్‌లో చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరికి మా ఆయన సూర్యప్రకాశరావు గారు వాళ్లతో వెళ్లారు. దెబ్బకు వాసనా రుచీ తెలిపే నరాలు చితికాయన్నాడు డాక్టరు. కొందరికి ఏడాదిలో ఎంతో కొంత తిరిగి వస్తుందట, కొందరికి రాదట. మందు ఉందా అంటే లేదన్నాడు. అనసూర్య ఊరుకోలేదు. అల్లం, మిరియాలు, వేపచిగురు, ఎవరు ఏది చెబితే అది అతని నాలుక మీద రుద్దింది. అతను చిన్నపిల్లాడిలా నోరు తెరిచేవాడు. కళ్లలో నీళ్లు తిరిగేవి. ఆ నీళ్లు కారానికే అయి ఉంటే బాగుండేది.

జాతర పది రోజుల్లోకి వచ్చింది. ఇంట్లో రోజూ ఇదే తగువు. లస్మవ్వ కోడలిని కూర్చోబెట్టి చెప్పింది, "మనిషి మిగిలిండు బిడ్డా. కాళ్లున్నయి, చేతులున్నయి. తల్లులు గంత కిరికిరి పెట్టరు. బంగారం ఇచ్చి, ప్రసాదం నోట్లె ఏసుకో." రఘుపతి బతిమాలాడు. నేనూ వెళ్లి నాకు తోచిన తర్కమంతా చెప్పాను. మొక్కినప్పుడు నువ్వు అడిగింది ప్రాణం, నాలుక కాదు అన్నాను.

"మునుపటి లెక్క అన్న టీచరమ్మా. నువ్వు పక్కనే ఉన్నవు, ఇనలేదా?"

విన్నాను. మాటకు మాట అప్పజెప్పే నోటికి ఆ రోజు మొదటిసారి తాళం పడింది.

రఘుపతిని బజారులో కాటా మీద కూర్చోబెట్టి బెల్లం తూచారు. యాభై రెండు కిలోలు. అంతకుముందు అరవై నాలుగు ఉండేవాడు. మన్ను తిన్నట్టు తినే మనిషి ఎంత తింటాడు? కాటా దిగుతూ, "తల్లులకు నష్టం చేసిన," అని నవ్వబోయాడు.

గద్దెల దగ్గర జరిగింది తర్వాత రఘుపతే నాకు చెప్పాడు. ఆ తొక్కిసలాటలో బెల్లం అప్పజెప్పాక లస్మవ్వ ఇంత ప్రసాదం తెచ్చి కోడలి నోటి దగ్గర పెట్టిందట. అనసూర్య ఆ చెయ్యి పక్కకు జరిపి, గద్దె వైపు చూసి గట్టిగా అన్నదట:

"మనిషినిచ్చిండ్రు, దానికి ఈ బంగారం. నాలిక ఇంక ఇయ్యలే. అది ఇచ్చేదాక నా నాలిక మీకాడనే ఉండనీయిండ్రి."

ఇంటికొచ్చి గోడ మీదుగా నాకూ ప్రసాదం ఇచ్చింది. నేను తింటుంటే నా మొహంలోకే చూస్తూ నిలబడింది. ఆమె చూస్తోంది కాబట్టి మింగాను.

బండి మానలేదు. మరి చట్నీ సంగతి? ఆ పని నా మీద పడింది. రోజూ స్కూలు నుంచి రాగానే గోడ మీదుగా చెయ్యి చాపేదాన్ని. అరచేతిలో చుక్క. నాలుగు రోజులకే తెలిసింది, అది నా వల్ల కాదని. నాకు బాగుందనిపిస్తే సదయ్యకు కారం ఎక్కువయ్యేది. కారం తగ్గించమంటే పులుపు ముందుకొచ్చేది.

"నీ నాలిక మీ దిక్కుదే, టీచరమ్మా," అని అనసూర్య నవ్వేది. "ఇరవై ఏండ్లయినా కారమే గుంజుతది."

జనం మళ్లీ వచ్చారు, కొంచెం తక్కువగా. తినేవాళ్లు తింటారు. కానీ ఆ పాత చట్నీ పోయింది. దాన్ని చెయ్యగల మనిషి రోజూ పొయ్యి ముందే కూర్చునేది. చేతులూ అవే, గిన్నె కూడా అదే. నాలుక చివర ఒక్క చుక్క పెట్టుకుంటే చాలు. పెట్టుకోదు. ఆమె చేత పెట్టించగలిగిన వాళ్లు ఈ లోకంలో లేరు. ఎదురుగా చూస్తూ ఏమీ చెయ్యలేకపోవడం ఎలా ఉంటుందో గోడ ఇవతల నుంచి నేను ఏళ్ల తరబడి నేర్చుకున్నాను.

రెండేళ్లకు మళ్లీ జాతర వచ్చింది. బయల్దేరే రోజు పొద్దున ఆమె రఘుపతి నోట్లో బెల్లం ముక్క పెట్టి అడిగింది. "తెలుస్తున్నది, జెర జెర తెలుస్తున్నది," అన్నాడతను, మొహం వెలిగిపోయినట్టు చేసి. ఆమె అతని కళ్లు మూయించి ఇంకో ముక్క పెట్టింది. "ఇది ఇంక మంచిగ తెలుస్తున్నది," అన్నాడు. అది ఉప్పుగల్లు. ఆ తర్వాత అతను మళ్లీ అబద్ధం ఆడలేదు. రెండువేల పన్నెండు, పద్నాలుగు జాతరల్లోనూ అడిగితే తల అడ్డంగా ఊపాడంతే. పన్నెండు జాతర చూసి వచ్చిన ఏడాదే లస్మవ్వ పోయింది. చివరి రోజుల్లో కూడా కోడలిని తీపి తినమని అడుగుతూనే ఉంది.

రెండువేల పద్నాలుగు, జూన్ రెండు. తెలంగాణ వచ్చిన పొద్దు. కాలనీ అంతా రంగులు, డప్పులు. ఉద్యమం రోజుల్లో ఎవరెవరో ఏమేమో అన్నా, ఆ పొద్దున నా గుమ్మంలోకి మొదట వచ్చింది సదయ్యే. "టీచరమ్మా, నోరు తీపి చేసుకోండ్రి," అంటూ లడ్డూ చేతిలో పెట్టాడు. తెలంగాణ కోసం చేసిన సమ్మెలో ముప్ఫై అయిదు రోజులు జీతం లేకుండా గడిపిన ఇళ్లు అవన్నీ. ఎవరి మొహం చూసినా వెలిగిపోతోంది.

సదయ్య గోడ అవతలికి వెళ్లి వాళ్లిద్దరి చేతుల్లోనూ చెరో లడ్డూ పెట్టాడు.

"వదినా, ఇయ్యాల గూడ తినవా? తెలంగాణనే వచ్చె! ఇంక నీ మొక్కెంత?"

అనసూర్య నవ్వింది. తన లడ్డూలోంచి ఇంత తుంచి రఘుపతి నోట్లో పెట్టి, కళ్లతోనే అడిగింది. అతను నమిలాడు. చాలాసేపు నమిలాడు. డప్పులు మోగుతున్నాయి. సదయ్య కూడా ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. ఈ రోజైనా, ఈ ఒక్క రోజైనా అని నేను మా బందరు దేవుళ్లకూ, వాళ్ల మేడారం తల్లులకూ కలిపి మొక్కుకున్నాను.

రఘుపతి తల అడ్డంగా ఊపాడు.

సదయ్య ఏదో పని గుర్తొచ్చినట్టు వెళ్లిపోయాడు. అనసూర్య మిగిలిన లడ్డూను గోడ మీదుగా నాకు అందించింది.

"నువ్వు తిను టీచరమ్మా. తిని మాకు చెప్పు, ఎట్లున్నదో."

తిన్నాను. నెయ్యి, యాలకులు, పచ్చకర్పూరం, జీడిపప్పు. అన్నీ చెప్పాను. వాళ్లిద్దరూ గోడకు మోచేతులు ఆనించి శ్రద్ధగా విన్నారు. అంతా విన్నాక రఘుపతి మెల్లగా అడిగాడు.

"గవన్ని కాదు టీచరమ్మా. తీపంటే ఎట్లుంటది? ఏడేండ్లాయె. నాకు యాదికస్తలేదు."

పాతికేళ్లు పిల్లలకు తెలుగు చెప్పినదాన్ని. చెబుదామని నోరు తెరిచాను. బెల్లంలా ఉంటుందనబోయాను, ఆగిపోయాను. తేనెలా అనబోయాను, దానికీ అంతే. నోట్లో లడ్డూ తీపి ఇంకా కరుగుతూనే ఉంది, మాట మాత్రం ఒక్కటీ రాలేదు. "తియ్యగా ఉంటుంది, రఘుపతి గారూ," అన్నాను, ఏడుపు ఆపుకోలేక.

అతను అనసూర్య వైపు తిరిగాడు. "నీకు యాదికున్నదా?"

ఆమె అరచేతిని ఒకసారి తిప్పి చూసుకుంది, ఒకప్పుడు చట్నీ చుక్క వేసుకునే చోట.

"లేదు," అంది.

అబద్ధమో నిజమో నాకు ఈ రోజుకీ తెలియదు. అడిగే ధైర్యం కూడా లేదు. ఆమె చింతపండు నానబెట్టడానికి లోపలికి వెళ్లింది, ఆ సాయంత్రం గిరాకీ ఎక్కువ ఉంటుందని.